నా చెమట చేతులకు కరెంటు వైద్యం

మా ఇంట్లో దొంగతనం చేసి తప్పించుకోవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. కారణం నా అరచేతులు. మా ఇనుప గని ఊరు కిరందుల్‌లో గాలి వీచినా ఇనుప రాయి ఎర్రదుమ్మే. కిటికీ మీద, కుర్చీ మీద, ఆరేసిన తెల్ల చొక్కా మీద, ఆఖరికి పెరుగు గిన్నె మూత మీద కూడా పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ పేరుకునేది. మిగతా వాళ్ళకు అది దులుపుకుంటే పోయే దుమ్ము. నాకేమో పుట్టుకతోనే చేతులకు చెమట. ఎండకు పట్టే తేమ కాదు, చలికాలంలో శాలువా కప్పుకుని కూర్చున్నా వేళ్ళ చివరి నుంచి బొట్లుగా కారే చెమట. ఆ తడి చెయ్యి ఎర్రదుమ్ము మీద పడితే ఇంకేముంది, ముద్ర! బెల్లం డబ్బా మీద అయిదు వేళ్ళు, పక్కింటి వాళ్ళ కొత్త ఫ్రిజ్ మీద అయిదు వేళ్ళు, నాన్న డ్యూటీ టోపీ మీద అయిదు వేళ్ళు. అమ్మ నన్ను విచారించేది కాదు. ముద్ర చూసి నేరుగా వచ్చి వీపు మీద ఒకటి వేసేది.

నా చేతుల్ని తప్పుపట్టని మనిషి ఇంట్లో ఒక్కతే, మా నాయనమ్మ. సరిహద్దు ఊరు కొంటాలో పుట్టి, కొంటాలోనే కాపురం చేసి, కొడుకులిద్దరికీ గనిలో పని దొరికాక వాళ్ళతో పాటు ఈ కొండ కిందికి వచ్చిన మనిషి. నేను ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని చీర కొంగుతో ఒక్కో వేలూ తుడిచేది. కొంగు పిండుకునేట్టు తయారయ్యేది. "తడి చెయ్యి మంచిదే బిడ్డా. ఎండిన చెయ్యి ఎవరికేం పెడ్తది?" అనేది. ఆమె చేతులేమో నాట్లూ కోతలూ చేసి చేసి బీటలు వారిపోయి ఉండేవి. ఆ బీటల మధ్య నా చెయ్యి పెట్టుకుంటే తనకు చల్లగా, హాయిగా ఉంటుందనేది. నిజంగానే అన్నదో, నన్ను ఓదార్చడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

చిన్నప్పుడు ఈ చెమట నవ్వులాటగానే ఉండేది. పెద్దయ్యాక నా దారికే అడ్డం పడింది. మా నాన్న గనిలో షవల్ నడిపేవాడు. కొండను ముద్దలు ముద్దలుగా ఎత్తి డంపర్లలో పోసే యంత్రం అది. ఒకసారి నాన్న మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆఫీసు దాకా వెళ్ళి, కిటికీలోంచి డ్రాయింగ్ సెక్షన్ చూశాను. వాలు బల్లలు, మెడ వంచిన దీపాలు, బల్ల మీద పరిచిన మా కొండ. నాన్నలాంటి వాళ్ళు ప్రతి నెలా కొండను ఎంత మేర తవ్వుతారో, ఆ గదిలో వాళ్ళు పటం మీద గీతను అంత మేర వెనక్కి జరుపుతారట. నాన్న తవ్విందంతా నేను గీయాలని అక్కడే, ఆ కిటికీ ఊచలు పట్టుకునే అనుకున్నాను. ఊచల మీద పది వేళ్ళ ముద్రలు వదిలి మరీ వచ్చాను. అంత పిచ్చిగా జీవితంలో ఇంకే కుర్చీనీ నేను కోరుకోలేదు.

జగదల్‌పూర్ వెళ్ళి డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేశాను. ఆ రోజుల్లో పటాలను ట్రేసింగ్ గుడ్డ మీద గీసేవాళ్ళం. గంజి గట్టిగా పట్టించి నున్నగా చేసిన పల్చటి నీలం గుడ్డ. కింద పటం, పైన గుడ్డ, చేతిలో ఇంకు పెన్ను. గీత మీద గీత వేసుకుంటూ పోవడమే. ఆ గుడ్డకు ఒక్కటే శత్రువు, నీళ్ళు. ఒక్క బొట్టు పడితే అక్కడ గంజి కరిగి మచ్చ తేలుతుంది. ప్రింటు తీసిన ప్రతిసారీ ఆ మచ్చ కూడా పటంలో దర్జాగా వచ్చి కూర్చుంటుంది. ఇక నా సంగతి చెప్పాలా? మా మాస్టారు నా గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "లడ్కీ, తేరే హాథ్ మే బారిశ్ హో రహీ హై క్యా?" అనేవాడు. చేతుల్లో వాన పడుతోందా అని. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఆ తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

అలాంటి నాకు, కోర్సు అయిపోయి ఇంటికి రాగానే, మా గని డ్రాయింగ్ సెక్షన్‌లోనే ట్రేసర్ ఉద్యోగం పడిందని తెలిసింది. నెల తర్వాత పరీక్ష. ఒక పటం, ఒక గుడ్డ ఇస్తారు, ఒక మధ్యాహ్నం కూర్చుని గీయాలి. గుడ్డ మీద మచ్చ పడిందా, మూటాముల్లె సర్దుకుని ఇంటికి రావాలి.

విశాఖ నుంచి చర్మం డాక్టరు ఒకాయన అప్పుడప్పుడు టౌన్‌షిప్‌కు వచ్చి వెళ్ళేవాడు. బాబాయి నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. బాబాయి అంటే నాన్న తమ్ముడు, గని గ్యారేజీలో బ్యాటరీ రూము ఆయనది. డాక్టరు రాసిచ్చిన చీటీ నేను పట్టుకోగానే ఇంకు కరిగి నా మణికట్టు దాకా కారింది. అప్పటిదాకా నా మాట అంతగా పట్టించుకోని డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"దీనికి నీళ్ళలో కరెంటు వైద్యం ఉందమ్మా. రెండు ట్రేలలో మామూలు నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో చెయ్యి పెట్టి, చాలా కొంచెం కరెంటు పంపిస్తారు. కొన్నాళ్ళకు చెమట తగ్గుతుంది. మెషీను విశాఖలో మా దగ్గర ఉంది, వారానికి మూడు నాలుగు సార్లు రావాలి."

మా ఊరి నుంచి విశాఖకు ఖనిజం పోయే లైన్లో ప్యాసింజరు ఎక్కితే సొరంగాల చీకట్లో దూరుతూ, బయటపడుతూ ఒక రోజంతా పోతుంది. వారానికి మూడుసార్లంటే నేను రైల్లోనే కాపురం పెట్టాలి. నా ముఖం వాడిపోయింది. బాబాయి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"సార్, ఆ కరెంటు బ్యాటరీతో వస్తదా?"

"వస్తుంది. కానీ మీరు ఇంట్లో తయారు చేయకండి. కొలత తప్పితే చర్మం కాలుతుంది. గోడ ప్లగ్గులో పెట్టారంటే ప్రాణానికే ముప్పు." ఆయన మంచి మనిషి. ఎందుకు వద్దో మాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. ఒంటి మీద లోహం ముక్క ఉండకూడదు. చేతికి గాయం, పగులు ఉంటే పెట్టకూడదు. కరెంటు ఉండగా చెయ్యి పైకి లాగకూడదు. గుండె జబ్బు వాళ్ళు, గర్భిణులు దగ్గరికే రాకూడదు. ఒంటరిగా అసలు చేసుకోకూడదు.

ఇవన్నీ ఎందుకు వద్దో ఆయన చెబితే, ఎలా చేయాలో చెబుతున్నాడని బాబాయి శ్రద్ధగా విన్నాడు. మా బాబాయి 'వద్దు' అన్న మాట పూర్తిగా విన్నది లేదు. బయటికి రాగానే, "నీ పరీక్షలోపు నీ చేతులు అప్పడాల్లెక్క చేసి పెడ్త" అని నాకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. నేను నమ్మాను. నాకు ఆ కుర్చీ అంత కావాలి మరి.

కొద్ది రోజుల్లోనే యంత్రం తయారైంది. స్క్రాపులో పడేసిన బ్యాటరీని అడిగి తెచ్చి బతికించాడు. ఎక్కడో పాడైన రేడియోలోంచి సౌండు పెంచే మరను పీకి తెచ్చాడు, ఒక ముల్లు మీటరు సంపాదించాడు. ముల్లు ఎక్కడిదాకా పోవచ్చో అక్కడ అమ్మ కాటుకతో సన్నటి గీత పెట్టాడు. రెండు ప్లాస్టిక్ ట్రేలు, వాటి అడుగున రేకు ముక్కలు, చెయ్యి రేకుకు తగలకుండా పైన తువ్వాలు. మొదటి రోజు తన చేతులే పెట్టి చూసుకున్నాడు. చీమలు పాకినట్టుందన్నాడు.

నాయనమ్మకు ఇదేమీ నచ్చలేదు. "ఏందిరా, పిల్లకు కరెంటు పెడ్తవా? కరెంటు పెడితె దీపమన్న వెలగాలె, ఫ్యానన్న తిరగాలె. పిల్ల ఏం తిరగాలె?"

"గోడ కరెంటు కాదమ్మా, బ్యాటరీ. అంత సేఫ్టీగ చేస్త, చూడు."

సేఫ్టీ! గని వాళ్ళ ఇంట్లో ఆ మాట అంటే ఏమవుతుందో బయటివాళ్ళకు తెలియదు. మాకు మధ్యాహ్నం కొండ మీద బ్లాస్టింగ్ జరిగేది. ముందు సైరన్ మోగుతుంది, ఎర్ర జెండాలు లేస్తాయి, అందరూ దూరం పోతారు, 'క్లియర్' అని కేకలు వినిపించాక అప్పుడు పేలుస్తారు. మా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. బాబాయి నా చేతి వైద్యానికి ఆ పద్ధతి మొత్తం దింపాడు. తలుపుకు ఎర్ర రవికె గుడ్డ వేలాడదీశాడు, బయటివాళ్ళెవరూ లోపలికి రాకుండా. నెత్తిన హెల్మెట్, కాళ్ళకు గమ్‌బూట్లు, చేతులకు రబ్బరు గ్లౌజులు, మెడలో విజిల్. రెండు చేతులు నీళ్ళలో పెట్టుకుని నేను, ఎదురుగా యుద్ధానికి పోతున్నట్టు ఆయన.

విజిల్ ఊదేవాడు. "వంటింట్ల క్లియర్?"

"క్లియరే బాబూ, ఉప్మా మాడిపోతంది, కానియ్యి!" అని విజయనగరం యాసలో అమ్మ అరిచేది.

"వరండాల క్లియర్?"

"కిలేరు!" నాయనమ్మ.

"పిల్ల క్లియర్?"

నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. నవ్వితే చేతులు కదులుతాయి, చేతులు కదిలితే విజిల్ మళ్ళీ మొదటి నుంచి. అప్పుడు మర మెల్లగా తిప్పేవాడు. ముల్లు లేచేది. నా మణికట్ల చుట్టూ, నీటి అంచు దగ్గర, జిల జిలమని చీమలు బారులు తీరేవి. నొప్పి కాదు, కితకితలూ కావు, ఆ రెండింటి మధ్య ఏదో పిచ్చి వరస. అయిపోయాక మర పూర్తిగా వెనక్కి తిప్పి, ముల్లు పడుకుందని చూసి, "ఆల్ క్లియర్" అన్నాకే చేతులు తీయాలి. అమ్మ వంటింట్లో ఉండి కూడా ఎందుకైనా మంచిదని గాజులు తీసి ఉప్పు జాడీ పక్కన పెట్టుకునేది.

లోహం దగ్గరే పెద్ద గొడవయింది. నా చెవి కమ్మలు, గొలుసు తీసేశాను. బాబాయి నాయనమ్మ వైపు తిరిగి, దగ్గర కూర్చోవాలంటే చేతి కడియాలు తీయమన్నాడు. పెళ్ళినాడు వేసిన వెండి కడియాలు. మణికట్టు ఎముక పెరిగి వాటిలో బిగుసుకుపోయింది. తాత పోయినప్పుడు కూడా ఆమె వాటిని తీయనివ్వలేదట. "ఇవి నేను కాటికి పోయినంక తీసేటియి. నీ డబ్బా కోసం తీస్తనా?" అని ఆమె లేచి వరండాలో కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె కాపలా అక్కడే.

రోజూ వైద్యం ముందు బాబాయి తీగలన్నీ లాగి చూసేవాడు. ఎందుకని నేను విసుక్కుంటే లెక్చరు ఇచ్చేవాడు. "గనిల డంపరు బ్రేకు ప్రతి షిఫ్టు మొదట్ల తొక్కి చూడాలె. నిన్న పట్టిన బ్రేకు ఇయ్యాల పడ్తదని ఏంది గ్యారంటీ? చూసినోడే బతుకుతడు." ఆ లెక్చరు మా అందరికీ కంఠతా వచ్చేసింది. వరండాలో కూర్చున్న మనిషికి కూడా వచ్చిందని అప్పుడు మాకు తెలియదు.

విడ్డూరం ఏమిటంటే, వైద్యం పనిచేసింది. మొదటి వారం ఏమీ లేదు. తర్వాత ఒక పొద్దున లేచి గోడ మీద చెయ్యి పెట్టాను. ముద్ర పడలేదు! ఇంకో చెయ్యి పెట్టాను. పడలేదు! ఇల్లంతా పరిగెత్తి కనిపించినదాని మీదల్లా చేతులు వేశాను, తలుపు, రేడియో, నాన్న బట్టతల. ఎక్కడా ముద్ర లేదు. ఆ సాయంత్రం బెల్లం డబ్బాలో బెల్లం లేదు, డబ్బా మీద ముద్రా లేదు. అమ్మ జీవితంలో మొదటిసారి నన్ను వదిలేసి బాబాయిని నిలదీసింది. నేను మంచం మీద బోర్లా పడి దిండు కొరుక్కుంటూ నవ్వాను.

ఆ రోజుల్లోనే పక్కింటి ఒడియా ఆంటీ అమ్మను అడిగింది, "దీదీ, మీ తలుపుకు పొద్దున పూట కూడా ఎర్రగుడ్డ కనిపిస్తోంది. బేటీకి రెండు పూటలా పెడుతున్నారా?" అని. ఆరేసి మరిచిపోయి ఉంటామని అమ్మ అనేసింది. స్నానాల గదిలో కొత్త సబ్బు రెండు మూడు రోజులకే అరిగిపోతోందని కూడా అమ్మ గొణిగింది. బాబాయి గ్రీజు చేతుల మీద వేసి ఆ సంగతీ అక్కడితో వదిలేశాం.

పరీక్షకు ఇంక రెండు రోజులు. ఆ సాయంత్రం బాబాయి ట్రేలలో నీళ్ళు పోసి, గమ్‌బూట్లు తొడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నేను కమ్మలు తీసి అద్దం దగ్గర పెట్టి, వచ్చి కూర్చున్నాను. నాయనమ్మ గుప్పిట్లో కల్లుప్పు పట్టుకుని నా వెనక నిలబడింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆ పక్కింటి ఒడియా పిల్ల దిష్టి" అని గొణుక్కుంటూ నా చుట్టూ తిప్పింది. పరీక్షకు పోయే పిల్లకు దిష్టి తీయడం వింతేమీ కాదు. నేను కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆమె వరండాలో తన చోట కూర్చుని ఉంది. తిప్పిన ఉప్పు ఏం చేసిందని నేను అడగలేదు. బాబాయి విజిల్ ఊదుకుంటూ వచ్చేశాడు.

వంటింట్లో క్లియర్. వరండాలో కిలేరు. పిల్ల క్లియర్. రోజూ ఆపే చోటుకే మర తిప్పాడు.

ముల్లు లేవలేదు, ఎగిరింది! కాటుక గీత దాటి ఆ చివర కొట్టుకుంది. నా మణికట్లను రెండు తేళ్ళు ఒకేసారి కుట్టినట్టయింది. కేక పెట్టి చేతులు లాగేశాను. లాగకూడదని డాక్టరు చెప్పిందే లాగాను, ఆ లాగడంలో ఇంకో తేలు కుట్టింది. ట్రేలు రెండూ గాల్లోకి లేచాయి. ఒకటి బాబాయి గమ్‌బూట్లలోకి సరిగ్గా గురి చూసినట్టు ఒలికింది. ఆయన విజిల్ నోట్లోనే ఉంచుకుని అరవడంతో అరుపు కాస్తా విజిలై టౌన్‌షిప్ అంతా మోగింది. అమ్మ చీపురు కట్టతో వచ్చి తీగలను బ్యాటరీ నుంచి ఊడబీకి, అదే ఊపులో బాబాయి హెల్మెట్ మీద ఠంగుమని ఒకటి వేసింది. పక్కింటి ఆంటీ బ్లాస్టింగ్ అనుకుని పిల్లల్ని మంచం కిందికి తోసిందట.

నా రెండు మణికట్ల చుట్టూ గాజులు తొడిగినట్టు ఎర్రగా వాతలు తేలాయి. కుడిచేతి బొటనవేలి పక్కన, పెన్ను ఆనే చోట, చిన్న బొబ్బ. అమ్మ పెరట్లోకి పరిగెత్తి కలబంద కోసుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత మా ఇంట్లో అక్షరాలా జరిగింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎల్లుండి పరీక్ష. పెన్ను పట్టే వేలు పోయింది. నేను గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

బాబాయి తెల్లగా పాలిపోయాడు. తీగలు చూశాడు, మర చూశాడు, మీటరు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ట్రే అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పు! ఎవరేసిన్రు ఉప్పు?"

"నేనే," అంది నాయనమ్మ వరండాలోంచి. "దిష్టి ఉప్పు నీళ్ళల్ల కరగాలె గద. ఎదురుంగ నీళ్ళున్నయ్. చెరి సగం ఏసిన, ఒక చేతికి ఎక్కువ, ఒక చేతికి తక్కువ గావద్దని."

ఉప్పు కలిసిన నీళ్ళలో కరెంటు ఎంత విచ్చలవిడిగా పారుతుందో బాబాయి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. చెబుతూ చెబుతూ తల్లి మీద గొంతు లేచింది. "ఇంత సేఫ్టీ పెట్టుకుంటే, ఒక్క మాట అడగొద్దా?"

నాయనమ్మ వరండాలోంచి గుమ్మం దాకా వచ్చింది. "పొద్దున మంచిగనే ఉండె గదరా. నేను చూసిన్నే. ఉప్పేసినంక మల్ల చూడలే. అదే తప్పయింది."

ఇంట్లో ఎవరికీ ఆ మాట వెంటనే ఎక్కలేదు. ముందు అమ్మే అడిగింది, "ఏటి చూసినారత్తా?"

"చెయ్యి పెట్టి చూసిన. నిన్న పట్టిన బ్రేకు ఇయ్యాల పడ్తదని ఏంది గ్యారంటీ? వాడే చెప్పె గద. పిల్ల పెట్టేముందు రోజూ పొద్దున నేను పెట్టి చూస్తన్న. తగిలితె ముందు నాకే తగలాలె."

పొద్దున నాన్న, బాబాయి డ్యూటీకి పోయేవాళ్ళు. అమ్మ బజారుకు పోయేది. నేను వెనక లైన్లో తెలిసినవాళ్ళ బల్ల మీద గీతలు సాధన చేసుకోవడానికి పోయేదాన్ని. ఖాళీ ఇంట్లో ఈ ముసలమ్మ తలుపుకు ఎర్రగుడ్డ కట్టేదట. ట్రేలలో నీళ్ళు పోసి, తీగలు తగిలించి, ఎవరూ లేని వంటింటి వైపు చూసి తనే "కిలేరు", వరండా వైపు చూసి తనే "కిలేరు" అనుకునేదట. ఒక చేత్తో మర తిప్పి, ఆ చెయ్యీ నీళ్ళలో పెట్టేదట. విజిల్ ఒక్కటే లేదట, అది బాబాయి మెడలో పోయేది కాబట్టి.

బాబాయి హెల్మెట్ తీసి నేల మీద పెట్టాడు. "ఒంటరిగ చెయ్యొద్దని డాక్టరు చెప్పిండమ్మా. పగుళ్ళున్న చెయ్యి పెట్టొద్దని చెప్పిండు. కడియాలతోని..."

"కడియాలు తీసిన్నే."

"ఎట్ల వచ్చినయ్?"

"సబ్బు రాసి."

నేను ఆమె చేతులు పట్టుకుని చూశాను. మణికట్టు ఎముక మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. రోజూ తీసి, రోజూ మళ్ళీ ఎక్కించుకుంది. అరచేతి బీటల్లో, కరెంటు గుచ్చిన చోటల్లా, ఆవగింజంత ఎర్రచుక్కలు. తాత పోయినా తీయని కడియాలు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ ఒకేసారి చేశాను, ముక్కు కారింది.

బ్యాటరీ ఆ రాత్రే స్క్రాపుకు వెళ్ళిపోయింది. మర్నాడు ఆస్పత్రిలో మా ఇద్దరి చేతులకూ మందు రాశారు. అక్కడి డాక్టరమ్మ బాబాయిని గదిలోకి పిలిచి తలుపేసింది. బయటికి వచ్చినప్పుడు ఆయన హెల్మెట్ చంకలో పెట్టుకుని తల వంచుకుని వచ్చాడు. 'వద్దు' అన్న మాట ఆయన పూర్తిగా విన్నది బహుశా ఆ రోజే. ఇప్పుడు ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే మెషీన్లు ఉన్నాయట, తెలిసినవాళ్ళ అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. డాక్టరు చూసి చెప్పిన మెషీనే కొనండి, ఆయన చెప్పినంత సేపే పెట్టండి, ఇంట్లో మేధావి ఎవడైనా నేను చేసి పెడతానంటే వాడి హెల్మెట్ మీద ఒకటి వేయండి అంటాను. ఇంకా, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఉప్పు జాడీ దాచమంటాను.

పరీక్ష రోజు బొటనవేలికి పట్టీతో కూర్చున్నాను. పెన్ను మధ్యవేలి మీదికి జరుపుకున్నాను. పటం మా కొండే, నాన్న షవల్ ఉన్న వైపు. మొదటి గీత వేసి చెమట బొట్టు కోసం ఎదురు చూశాను. రాలేదు. రెండో గీత. రాలేదు. చేతులు గుడ్డ మీద హాయిగా జారుతున్నాయి. గీతలు వాటంతట అవే వస్తున్నట్టున్నాయి. ఆఖరి అంచు గీస్తుండగా, ఖాళీ వంటింటి వైపు తిరిగి "కిలేరు" అంటున్న నాయనమ్మ కళ్ళ ముందుకొచ్చింది. అంతే. పెదాలు బిగించాను, ఊపిరి బిగించాను, లాభం లేకపోయింది. నవ్వు పొంగుకొచ్చి, కళ్ళ నిండా నీళ్ళు తిరిగి, టప్పున ఒక బొట్టు గుడ్డ మీద పడింది. చేతుల మీద నెల రోజులు కాపలా కాసి, కళ్ళను మరిచిపోయాను.

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గుడ్డను వెలుతురుకు ఎత్తాడు. కొండ పక్కన గుండ్రంగా మచ్చ. "యే క్యా హై? పసీనా?" చెమటా అని.

"నహీ సర్. హసీ ఆ గయీ." నవ్వు వచ్చింది సార్ అన్నాను. ఇంక పోయేదేముంది, అంతా చెప్పేశాను. ఎర్రగుడ్డ, విజిల్, ఉప్పు, సబ్బు, కడియాలు. ఆయన చాలాసేపు గుడ్డ వెనక ముఖం దాచుకుని ఉన్నాడు. గుడ్డ వణుకుతోంది. దించేసరికి ఆయన కళ్ళూ తడిగా ఉన్నాయి. ఈ గదిలో ఏడ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, నవ్వినదానివి నువ్వే మొదలు అన్నాడు. గీతలు మాత్రం బాగున్నాయి, మచ్చ కొండ బయట ఖాళీలోనే పడింది కాబట్టి ఈసారికి వదిలేస్తానన్నాడు.

ఉద్యోగం వచ్చింది. డ్యూటీకి పోయే మొదటి రోజు నాయనమ్మ గుమ్మం దగ్గర ఆపి, అలవాటుగా నా చేతులు తీసుకుని, కొంగు ఎత్తింది. ఎత్తిన కొంగు అలాగే ఆగిపోయింది. చేతులు పొడిగా ఉన్నాయి. తుడవడానికి ఏమీ లేదు. "మంచిదే," అంది, "మంచిదే బిడ్డా." కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గర నా పొడి చేతుల్ని ఒకసారి తిప్పి చూసుకుని డ్యూటీకి నడిచాను.

ఈ వైద్యం ఆపేస్తే చెమట తిరిగొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. నెల తిరక్కుండానే వచ్చింది. ఒక పొద్దున తలుపు తీయబోతే గడియ మీద ఎర్రగా అయిదు వేళ్ళు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. నా వెనకే వస్తున్న నాయనమ్మ ఆ ముద్ర చూసింది. నా చేతులు గబుక్కున లాక్కుని ముట్టి చూసింది.

"వచ్చినయా!" అంది, సెలవులకు పిల్లలొస్తే అన్నట్టే.

అప్పటికప్పుడు పెట్టెలోంచి పాత చీర తీసి, కొంగు చింపి, మడతలు పెట్టి, గీసేటప్పుడు మణికట్టు కింద పెట్టుకోవడానికి మెత్తగా ఒక గుడ్డ కుట్టి ఇచ్చింది. నేను ఆ కుర్చీలో కూర్చుని గీసినన్నాళ్ళూ నాన్న తవ్విన కొండనంతా ఆ గుడ్డ మీద చెయ్యి ఆనించే గీశాను. ఆ పొద్దున మాత్రం దారం తెంపి, సూది గోడకు గుచ్చి, నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, కట్టుకున్న చీర కొంగుతో ఒక్కో వేలూ తుడిచింది. ఆమె ముఖం కళకళలాడుతోంది.

"ఇగ పో," అంది. "డ్యూటీకి టైమైతాంది."